గుంట మగ్గంలో దోమ ఎంగిలి

ఇప్పుడు నా ఎడమ కాలికి చెప్పు పడుతోంది. వాపు పూర్తిగా దిగి కాదు, చెప్పులు కుట్టే ఆయన దయతలచి పట్టీ పొడుగు పెంచాడు కనుక. కుడికాలు నాతో పుట్టిందే. ఎడమకాలు మధ్యలో వచ్చి చేరిన పెద్దమనిషి. ఆయన వచ్చేదాకా కుడికాలు ప్రతి అడుగుకూ ఆగి ఎదురు చూడాలి. చివరి జ్వరం వచ్చి ఏడాది కావస్తోంది. ఆ ధైర్యంతోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

నా కాలి ముచ్చటే అయితే ఇంత కాగితం దండగ. వరంగల్లులోనూ, వర్ధన్నపేట, నర్సంపేట వైపు ఊళ్ళలోనూ గుంట మగ్గం మీద కూర్చునేవాళ్ళకు ఒక మాట చెప్పాలని ఉంది. అంతకంటే ముందు, నా భార్య మార్తమ్మ కాళ్ళ గురించి నాకున్న భయాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. నా కాలికి జరగవలసింది జరిగిపోయింది. ఆమె కాళ్ళకు జరిగిందో లేదో ఇంకా తెలియదు.

మా పని జంపఖానాలు నేయడం. గుంట మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతాను. నేతగాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్ళు మాత్రం ముందున్న గుంటలోకి వేలాడుతుంటాయి. అడుగున తొక్కుడు కర్రలు ఉంటాయి. పైన చేతులు అడ్డనూలు మోసే నాడె విసురుతుంటే కింద కాళ్ళు కర్రలు తొక్కాలి. నూలు ఎండితే పుటుక్కున తెగుతుంది కాబట్టి పొద్దున్నే గుంటలో నీళ్ళు చల్లుతాం. చీకటి, చెమ్మ, చల్లదనం. ఆ చోటు మాకంటే ముందు దోమలకు నచ్చింది.

క్రైస్తవ మిషన్ వాళ్ళ షెడ్డులో పని నేర్చుకుని మా వాడలో నేను మగ్గం వేసుకున్నప్పుడు మా ఓదేలు మామ నాకు పెద్ద దిక్కు. మామ అంటే చుట్టరికం కాదు, వాడలో అందరికంటే పాత నేతగాడు గనుక అందరికీ మామే. కొత్తగా గుంటలో దిగినవాడి కాళ్ళు చింతగింజలంత దద్దుర్లతో నిండిపోతాయి. వాడు నేసేదానికంటే గోక్కునేది ఎక్కువ. కొన్నాళ్ళకు దద్దుర్లు చిన్నబడతాయి, ఇంకొన్నాళ్ళకు రానే రావు. అప్పుడు ఓదేలు మామ పొద్దుగూకే వేళ వాడి కాళ్ళు వెలుతురుకు తిప్పి చూసి, "గుంట ఒప్పుకున్నది పోరన్ని" అంటాడు. ఆ రోజు వాడి ఇంటినుంచి వాడకంతా బెల్లం పంచాలి. అప్పటినుంచే వాడు నేతగాడి కింద లెక్క.

నా బెల్లం ఏనాడో పంచేశాను. నా కాళ్ళ మీద దోమలు రాతి మీద వాలినట్టు వాలి పోయేవి. కొత్తవాళ్ళు గోక్కుంటుంటే నవ్వేవాణ్ణి. మగ్గంలో బాగా మగ్గినవాణ్ణి కదా అనుకునేవాణ్ణి.

1943 వానాకాలంలో మొదటి జ్వరం వచ్చింది. మగ్గం మీద ఉండగానే వణుకు పుట్టింది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. అక్కణ్ణించి ఎర్రటి చార ఒకటి తొడ మీదుగా కిందికి దిగింది, ఎవరో ఎర్ర నూలుతో నా కాలి మీద పడుగు వేస్తున్నట్టు. కాలు పొయ్యి మీద పెట్టిన కుండలా కాగింది. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాణ్ణి.

"గుంట సల్వ అల్లుడా. ఉప్పు కాపడం పెట్టు, పోతది," అన్నాడు ఓదేలు మామ.

నన్ను కన్న మా అవ్వ కాపడం పెట్టింది, వేపాకు నూరి పట్టు వేసింది, ప్రార్థన చేసింది. జ్వరం పోయింది. చీలమండ దగ్గర మాత్రం కాస్త మందం మిగిలింది. తరవాత మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆ జ్వరం చుట్టంలా వచ్చేది, పోతూ పోతూ కొంత సామాను మా ఇంట్లోనే వదిలి పోయేది. ఏడాది తిరిగేసరికి నా పాదం ఆ సామానుతో నిండిపోయింది. కర్ర తొక్కితే తొక్కానో లేదో తెలిసేది కాదు. ఒక కర్ర తొక్కబోతే రెండూ దిగేవి. చారల జంపఖానా కాస్తా నాకే అర్థంకాని బొమ్మల జంపఖానా అయ్యేది.

1944 వానలు మొదలయ్యేనాటికి నేను మంచానికి చేరాను. చుట్టిన జంపఖానా మీద కాలు ఎత్తి పెట్టుకుని పడుకోవడమే పని. కాలు మీద కాలు వేసుకుని బతకాలని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ప్రభువు నా కోరిక సగమే ఆలకించాడు.

ఒకరోజు మార్తమ్మ కొంగు నడుముకు చుట్టి మగ్గం దగ్గర నిలబడింది. ఆమెది రఘునాథపల్లి, పొలం పనుల ఇల్లు. కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం వచ్చు గానీ ఏనాడూ గుంటలో కాలు పెట్టలేదు.

"ఆడిమనిషి గుంటల దిగుతదా?" అంది అవ్వ.

"పొలంల దిగుతది, బాయిల దిగుతది, గుంటల దిగితే ఏమైతదత్తా?" అని మార్తమ్మ దిగి కూర్చుంది.

మొదటి వారమే ఆమె కాళ్ళు చూడలేకపోయాను. మోకాళ్ళ కింద చోటు లేకుండా దద్దుర్లు, గోకిన చోటల్లా రక్తపు చుక్కలు. నేత మధ్యలో నాడె వదిలేసి రెండు చేతులతో గోక్కునేది.

"బిడ్డా, చేతులకు నాడె ఇచ్చిన్నా, కాళ్ళ గోకుడు ఇచ్చిన్నా?" అని గుమ్మంలోంచి ఓదేలు మామ ఎగతాళి.

"నువ్వు జర ఇట్లొచ్చి గోకు మామా, నేను నేస్త," అని మార్తమ్మ.

మేమంతా నవ్వాం. మంచం మీదినుంచి నేనే గట్టిగా నవ్వాను. "ఓపిక పట్టు, గుంట ఒప్పుకుంటది," అని ఓదార్చాను కూడా. ఆ దురద పోవాలని రాత్రి ప్రార్థనలో నోరు తెరిచి అడిగాను. ఆ ప్రార్థన ఫలించడమే ఇప్పటి నా గోడు.

చేయగా చేయగా ఆమె చేతిలో పని తిరిగింది. అంచులో సన్నటి నీలం గీత ఒకటి వేసేది. అది నాకు ఎన్నడూ తిన్నగా రాలేదు. కొనేవాళ్ళు ఆ గీత కోసం అడగసాగారు. నా పేరున జకరయ్య మగ్గం అనేవాళ్ళు మార్తమ్మ మగ్గం అనడం మొదలుపెట్టారు. నాకు మనసు చివుక్కుమందని అబద్ధం ఆడను, సంతోషమే అయిందనీ పూర్తిగా అనలేను.

1944 క్రిస్మస్ పండుగ వెళ్ళి, 1945 మొదట్లో మళ్ళీ జ్వరం తగిలింది. ఈసారి కాలి మీద చర్మం మెరిసి, పగిలి, నీరు కారింది. అవ్వ జట్కా పిలిపించి నన్ను దవాఖానకు తీసుకుపోయింది. జంపఖానా సగంలో ఉందని మార్తమ్మ రాలేదు.

దవాఖాన వరండాలో బల్ల ఒకటే, రోగులు ఊరంతా. కాలు వేలాడేసుకుని కూర్చున్నాను. పక్కన వర్ధన్నపేట రైతు ఒకాయన, కండ్లకు మందు వేయించుకోవడానికి వచ్చినవాడు, కాసేపు నా కాలిని చూసి తన సంచి ముందుకు జరిపాడు.

"అన్నా, గట్ల ఏలాడేస్తే ఇంకింత నిండుతది. నా సంచి మీద పెట్టు."

"సంచిల ఏమున్నది?"

"పల్లికాయ. నీ కాలు బరువుకు నూనె దిగితే మాత్రం నాదే."

అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. మా ఎదురుగా గోడకు ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన రెండు కాళ్ళూ బోదకాళ్ళే, ఏనుగు కాళ్ళంత లావు. పంచె వాటిమీద పరచుకుని, ఎవరివంకా చూడకుండా, పిలుపు కోసం వింటున్నాడు. మా అవ్వ ఆయన కాళ్ళు చూసింది, నా కాలు చూసింది, తరవాత ఎటూ చూడలేదు.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. నా కాలు వేలితో నొక్కింది. పడిన సొట్ట అలాగే ఉండిపోయింది. గుంటలో కూర్చున్నందుకు కాలిలోనే గుంట పడింది.

"దోమలు కుడతాయా?" అని అడిగింది.

"కుట్టయమ్మా," అన్నాను. ఆ మాట అనడంలో కొంత గర్వం కూడా ఉంది. "నాకు దద్దు లేవక ఏండ్లాయె. గుంట ఒప్పుకున్నది."

అదేమిటని అడిగితే బెల్లం కథంతా చెప్పాను. నవ్వుతుందని చెప్పాను. ఆమె నవ్వలేదు. చేతిలో కలం కింద పెట్టింది.

"కుట్టడం లేదని ఎవరు చెప్పారు నీకు? కుడుతున్నాయి. నీకు తెలియడం లేదు, అంతే. దోమ ఊరికే రక్తం పీల్చదు. ముందు దాని ఉమ్మి మన ఒంట్లోకి వదులుతుంది, రక్తం గడ్డకట్టకుండా. ఆ తరవాత తాగుతుంది."

మా అవ్వ ముఖం మాడ్చుకుంది. "ఎంగిలి చేసి తాగుతదా?"

"అవును పెద్దమ్మా. కొత్తలో ఆ ఎంగిలి ఒంటికి పరాయిది. ఒళ్ళు తిరగబడుతుంది. దద్దూ, దురదా, మంటా దోమ ఒక్కటే చేసేవి కావు. దాని ఉమ్మి మీద మన ఒళ్ళు చేసే గొడవ అది. అదే ఉమ్మి రోజూ పడుతుంటే చాలామందికి ఒళ్ళు అలవాటుపడి ఊరుకుంటుంది. కుక్క మొరగడం మానేసిందంటే దొంగ రావడం మానేశాడని కాదు. రోజూ వచ్చేవాడైపోయాడని."

"గీ వాపు ఆ ఉమ్మితోనేనా అమ్మా?" అన్నాను.

"వాపు పురుగుది. కంటికి ఆనని పురుగు కొన్ని దోమల మూతిలో ఉంటుంది. దోమ గుచ్చిన సందులోంచి లోపలికి పోతుంది. దురద తెలిసినవాడు కాలు విదిలిస్తాడు, దోమను కొడతాడు. నువ్వు కదలకుండా కూర్చుని వడ్డించావు. ఆ ఉమ్మి పురుగుకు దారి కూడా సులువు చేస్తుందేమోనని నా అనుమానం. అది నాకు రూఢిగా తెలియదు."

మందు అడిగాను. పురుగును చంపే నమ్మకమైన మందు తన దగ్గర లేదని తిన్నగానే చెప్పింది. సబ్బుతో రోజూ కడగాలి, వేళ్ళ సందులు తుడవాలి, పగిలిన చోట మందు రాయాలి, కింది నుంచి పైకి కట్టు కట్టాలి, పడుకుంటే కాలు ఎత్తున పెట్టాలి. జ్వరాలు తగ్గుతాయి, వాపు కొంత దిగుతుంది. పోయింది మాత్రం తిరిగి రాదు. కట్టు కట్టిన కాంపౌండరు ఇంకో రెండు పాత కట్లు ఉతికినవి చుట్టి మా అవ్వ చేతిలో పెట్టాడు. అడగని మేలు అది. ఇప్పటికీ అవే వాడుతున్నాను.

జట్కా మా వాడ మలుపు తిరిగాక అవ్వ అంది: "మన గిన్నెల ఉమ్మేసి మన కూడే తింటదన్నమాట."

ఇంటి ముందు నలుగురూ గుమికూడి ఉన్నారు. ఓదేలు మామ చేతిలో పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఆగుండ్రి ఆగుండ్రి, నోరు తీపి చేసుకొని లోపలికి రాండ్రి. కోడలు కాళ్ళు సల్లబడ్డయి వదినా! ఇయాల చూసిన. ఒక్క దద్దు లేదు. ఆడిమనిషిని గుంట ఒప్పుకున్నది!"

గుమ్మంలో మార్తమ్మ చీర కాస్త ఎత్తి పట్టుకుని నిలబడింది, నాకు చూపించాలని. ఆమె పిక్కలు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. అంత చక్కటి కాళ్ళు చూసి అంత భయపడ్డవాడు ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అవ్వ పళ్ళెంలోంచి బెల్లం ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. కొంగు చివర ముడివేసుకుని లోపలికి పోయింది.

ఆ తరవాతి నెలలు రోగం కంటే కష్టం. డాక్టరమ్మ మాటలు చెప్పి, గుంట పూడ్చేద్దాం, నిలువు మగ్గం వేద్దాం అన్నాను. దానికి గుంట అక్కర్లేదు, ముందు బల్ల మీద కూర్చుని నేయవచ్చు.

మార్తమ్మ నాడె కింద పెట్టింది. "నీ కాలు పోయిందని నా చేతులు కట్టేస్తవా?"

"చేతులు కాదే, కాళ్ళు..."

"నాకు గీత నిలువు మగ్గం మీద రాదయ్యా. గుంట మీదనే వస్తది. ఇన్నేండ్లు ఎవ్వలు నన్ను పేరు పెట్టి పిలిచిండ్రు? జకరయ్య పెండ్లాం అన్నరు. గుంటల దిగినంక మార్తమ్మనైన."

మార్తమ్మ మళ్ళీ నాడె అందుకుంది. అవ్వ ఆమె కాళ్ళకు వేపనూనె పట్టించేది, గుంటలో పొగ వేసేది. ఓదేలు మామ చిన్నబుచ్చుకుని రావడం తగ్గించాడు. "మా తాతలు గుంటలనే కూసున్నరు. మా కాళ్ళకేం కాలేదు," అన్నాడు. ఆ మాట నిజమే. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే గుర్తు ఏదీ లేదు, మేం గుర్తు అనుకున్నది గుర్తు కాదు.

రాత్రిపూట తీసిన రక్తంలో పురుగు పిల్లలు కనపడతాయని డాక్టరమ్మ చెప్పింది. మార్తమ్మను రమ్మన్నాను.

"ఉన్నదని తెలిస్తే తీసేసే మందున్నదా?"

"లేదన్నది."

"మరి తెలుసుకొని ఏం జెయ్యాలె? నీ లెక్క మంచం మీద పండి దాని కోసం ఎదురు చూడాల్నా?"

ఆమె వెళ్ళలేదు. ఎదురు చూసే పని నాకు మిగిలింది.

1945 వానల్లో నాకు ఒక జ్వరం వచ్చింది. ఇప్పటికి అదే ఆఖరుది. నేను తేరుకుంటుండగా మార్తమ్మకు వచ్చింది. వణికింది, ఒళ్ళు కాలింది. నేను మంచం మీదినుంచి దిగి, కుంటుకుంటూ పోయి పక్కన కూర్చున్నాను.

"గజ్జల బిళ్ళ ఉన్నదా?"

"లేదు."

"చూడనీ."

"లేదంటాన్న గద! వాన జరమయ్యా, వాడంతా ఉన్నది. ఫికర్ చెయ్యకు." అని దుప్పటి కాళ్ళ కింద దోపుకుని అటు తిరిగి పడుకుంది.

జ్వరం పోయింది. తేరుకున్న మర్నాడే, ఎవరూ అడగకుండా, గంప తీసుకుని పెరట్లోంచి మట్టి తెచ్చి గుంటలో పోయడం మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే జవాబు చెబుతుందేమోనని భయం. నేను మట్టి మోయలేను, అంచున కూర్చుని చేతులతో సర్దాను. కాసేపటికి గుమ్మంలో చప్పుడైతే చూశాం. ఓదేలు మామ, నెత్తిన మట్టి గంపతో.

"మగ్గం కడుపు నింపుతాండ్రు, నన్ను పిలువరా?" అని కోప్పడి మట్టి గుమ్మరించాడు. కండువాతో ముఖం తుడుచుకుని మరో గంప కోసం వెళ్ళాడు.

నిలువు మగ్గం వేశాం. నీలం గీత నిజంగానే చాలా రోజులు రాలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం కూడా చప్పగానే ఉండేది. తరవాత వచ్చింది, కాకపోతే వెనకటికంటే కాస్త వంకరగా. నా నడకను చూసి నేర్చుకుందేమో అని నేనంటే మార్తమ్మ చాలా రోజుల తరవాత నవ్వింది.

కాలు లావెక్కుతోందేమో చూసుకుంటూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది గనుక, మిగిలిన నీలం నూలు పేని మార్తమ్మ రెండు చీలమండలకూ కట్టాను. నా చిటికెన వేలు దూరేటంత వదులుగా. ఇది చూసి మా గుడి అయ్యగారు ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, క్రైస్తవులం తాయెత్తులు కట్టుకోవచ్చునా అని మెల్లగా మందలించారు. ఇది నమ్మకంతో కట్టింది కాదయ్యగారూ, అనుమానంతో కట్టింది అని విన్నవించుకున్నాను. ఆయన ఆ మాట ఇంకెక్కడా అనవద్దన్నారు.

ఇక ఈ యేడు, 1946 వానలు. మార్తమ్మ గుంటలో కూర్చోక దాదాపు ఏడాది అయింది. పోయిన వారం ఒక సాయంత్రం పొయ్యి దగ్గరినుంచి, "అబ్బా!" అని అరిచింది. పరుగెత్తాను, అంటే నా పరుగు. పిక్క మీద చింతగింజంత దద్దు, ఎర్రగా, మధ్యలో చుక్కతో. ఆమె గోక్కుంటూనే ఉంది. మా అవ్వ దీపం దగ్గరికి తెచ్చి వంగి చూసి, ఉట్టి మీది డబ్బా దించి, మాకు తలొక బెల్లం ముక్క పెట్టింది. ఈసారి తానూ నోట్లో వేసుకుంది.

"కుక్క మల్ల మొరుగుతాంది," అంది.

మర్నాడే డాక్టరమ్మకు చెప్పాను. సంతోషించింది. అంతలోనే నా ముఖం చూసి, దద్దు వచ్చిందంటే ఒళ్ళు మేలుకుందని మాత్రమే అనుకో, ఆ కుక్క నిద్రపోయిన రోజుల్లో ఎవరొచ్చి పోయారో, ఎవరు లోపలే ఉండిపోయారో అది చెప్పదు అంది. ఆ పురుగు చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి ఉండగలదట.

అందుకే ఇది చదివే నేతగాళ్ళకు నా మనవి. మీ కాళ్ళు దద్దుర్లెక్కితే సిగ్గుపడకండి, కొత్తవాణ్ణి చూసి నవ్వకండి. దురద పోయిననాడు బెల్లం పంచకండి, ఆనాడే భయపడండి. కాళ్ళకు నూనె పట్టించండి, కుదిరితే గుంటనుంచి పైకి రండి. నాలా ఇప్పటికే కాలు పెంచుకున్నవాళ్ళు సబ్బునూ కట్టునూ వదలకండి. బతకవచ్చు, నడవవచ్చు, జోకులు కూడా వేయవచ్చు.

ప్రతి ఆదివారం గుడికి వెళ్ళేముందు మార్తమ్మ గడపమీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. నేను ఆ నూలు కింద చిటికెన వేలు దూర్చి చూస్తాను. ఇన్నాళ్ళూ సులువుగా దూరింది. నిన్న కుడికాలికి దూరింది. ఎడమకాలికి దూర్చడానికి కాస్త తిప్పవలసి వచ్చింది.

"వానకు తడిసింది గద," అంది మార్తమ్మ. "తడిసిన నూలు బిగుసుకోదా?"

నిజమే. పేనిన నూలు తడిస్తే బిగుస్తుంది. నేనూ నేతగాణ్ణే, నాకు తెలుసు. ఎండితే వదులవుతుంది, అదీ తెలుసు. నాలుగు రోజులుగా ముసురు విడవలేదు. మేమిద్దరం గుమ్మంలో కూర్చుని ఎండ కోసం చూస్తున్నాం.